కాదనే వీలు

ఆదివారం ఆరాధనలో వాక్యానికి ముందు కాసేపు సాక్ష్యాల సమయం ఉంటుంది. "సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని పాస్టరుగారు అడగ్గానే ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె కొంగు తల మీదికి లాక్కుంటూ లేస్తుంది. సంఘానికి వందనాలు చెప్పి, మైకు రెండు చేతులతో పట్టుకుని మొదలుపెడుతుంది. మనవడికి డెంగీ వచ్చింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఆ రాత్రంతా మోకాళ్ల మీదే ఉన్నాను, తెల్లారేసరికి పెరగడం మొదలైంది అంటుంది. గొంతు జీరబోతుంది. సంఘమంతా "స్తోత్రం" అంటుంది. అక్కడ ఆమెకు ఎదురు ప్రశ్న వేసేవాళ్లు ఉండరు. ఆమె ఏ ధైర్యంతో ఆ రాత్రి గడిపిందో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు.

ఆ మాటే సోమవారం ఆఫీసులో పక్క సీటు ఆవిడతోనో, రైల్లో ఎదురుగా కూర్చున్న మనిషితోనో, ఎదురింటి గుమ్మంలోనో చెప్పాల్సి వస్తే గొంతు అంత సులువుగా పెగలదు. అయినా చెప్పమనే మా మతం అడుగుతుంది. యేసు తన శిష్యులకు చివరగా అప్పగించిన పని అదే. ఆ ఆజ్ఞ నాకు భారం కాదు, ఇష్టం. మా అమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న ప్రార్థన నన్ను ఎన్నో గండాలు దాటించింది. అంత మేలు పొందినదాన్ని, ఎవరికీ చెప్పకుండా ఎలా దాచుకుంటాను? అయితే ఎలా చెప్పాలన్న విషయంలో మటుకు ఏళ్లు గడిచేకొద్దీ నాలో ఒక ఆలోచన గట్టిపడుతూ వచ్చింది. వినేవాళ్లు "వద్దండీ" అనగలగాలి. అన్న తర్వాత కూడా మన పక్కన నిశ్చింతగా కూర్చోగలగాలి. ఆ వీలు ఉన్నచోటే మనం చెప్పింది శుభవార్త అవుతుంది. లేనిచోట అది ఒత్తిడి అవుతుంది, ఎంత మంచి మాటైనా సరే.

మాది ఒంగోలు వైపు. ఈ ఆలోచనకు పాదు నాకు మా ఊరి చరిత్రలోనే దొరికింది. జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. వాళ్ల దేశంలో ఉండగా భూముల సర్వే పని చేసిన మనిషి. పదేళ్లకు ధాత కరువు వచ్చిపడింది. 1876 నుంచి 78 దాకా దక్షిణ దేశాన్ని మాడ్చేసిన కరువు అది. జనం గంజినీళ్లకు కూడా నోచుకోక ఊళ్లకు ఊళ్లు వదిలి రోడ్డున పడ్డారు. అప్పట్లో సర్కారు కరువు పని కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది వచ్చి పలుగూ పారా పట్టారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. గుంపులకు మేస్త్రీలుగా నిలబడింది సంఘ బోధకులే. పని ఆపి నీడన కూర్చున్న వేళ వాళ్లు కూలీలకు యేసు సంగతులు చెప్పేవాళ్లు.

విన్నవాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూలి ఇచ్చే చెయ్యే బాప్తిస్మం కూడా ఇస్తే, వచ్చినవాడు దేని కోసం వచ్చాడో వాడికీ తెలియదు, ఇచ్చినవాడికీ తెలియదు. అందుకని ఏడాదికి పైగా ఆ సంస్కారాన్ని పూర్తిగా ఆపేశాడు. కరువు పని అయిపోయింది, ఇక ఇచ్చేందుకు డబ్బు లేదు, మీ ఊళ్లకు మీరు వెళ్లండి అన్నాకే తలుపు తెరిచాడు. అప్పటికీ జనం వచ్చారు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులు. ఇద్దరు అలిసిపోతే మరో ఇద్దరు దిగారు.

మా సంఘాల్లో ఆ 2,222 అంకెను గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే. నన్ను మాత్రం అంతకు ముందున్న ఆ ఏడాది ఎక్కువ కదిలిస్తుంది. మిషన్ రిజిస్టర్లో అంకె పెంచుకోవడానికి అంతకన్నా మంచి అదను ఏ మిషనరీకి దొరుకుతుంది? ఆ అదనును చేజేతులా వదులుకున్న ఏడాది అది. ఆకలితో ఉన్న కూలీ మేస్త్రీ చెప్పేది వినకుండా ఉండగలడా అని ఎవరైనా అడిగితే, అడగాల్సిన ప్రశ్నే. వినడంలో ఆ కూలీకి పూర్తి స్వేచ్ఛ ఉందని నేను అనలేను. కానీ విన్నదానికి అవుననో కాదనో చెప్పే గడియను, కూలి ఇచ్చే చేతి కింద కడుపు నలగని రోజుకు వాయిదా వేశారు. అవసరంలో ఉన్నవాళ్ల మధ్య దేవుడి మాట ఎత్తే ప్రతి ఒక్కరూ ఆ వాయిదా దగ్గర ఆగి నేర్చుకోవాలి. ఆసుపత్రి వార్డులో పళ్లు పంచేటప్పుడు, వరద వచ్చిన పేటలో బియ్యం ఇచ్చేటప్పుడు, ఫీజు కట్టలేని పిల్లవాడికి కట్టేటప్పుడు, ఆ సాయం పూర్తయిపోవాలి. దాని వెనక మాట తోకలా వేలాడకూడదు.

ఆ పెద్ద గుంపుకు ముందు ఒక్కడు ఉన్నాడు. ఆయన పేరు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులంలో పుట్టి తోళ్ల వ్యాపారం చేసుకునేవాడు. క్రీస్తు పేరు వినకముందే దేవుణ్ణి వెతుక్కుంటూ గురువు దగ్గర యోగం నేర్చినవాడు, తన వాళ్లలో పెద్దగా పేరున్నవాడు. 1866లో ఆయన, ఆయన భార్య బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత తోళ్లు కొనడానికి ఏ పల్లెకు వెళితే ఆ పల్లెలో, చుట్టాల అరుగుల మీద కూర్చుని తాను విన్నది చెప్పాడు. క్లౌ రెండో భార్య ఎమ్మా ఈ మాదిగ భక్తుల కథలను 1899లో ఒక పుస్తకంగా అచ్చువేసింది. చదివినప్పుడల్లా నాకు కనిపించేది ఒకటే. అక్కడ వినిపించినవాడికి ఏ అధికారమూ లేదు. విన్నవాళ్లు అత్తవారు, మేనమామలు, తోడల్లుళ్లు. మన మంచీ చెడూ పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనుషులు. "చాల్లేరా పేరయ్యా" అని లేచి వెళ్లిపోవడానికి వాళ్లకు ఏ మొహమాటమూ అడ్డు రాదు. అలాంటి చోట నిలిచిన మాట నిజంగా నిలిచినట్టు.

సువార్తల్లో యేసు కూడా ఇలాగే కనిపిస్తాడు. నిత్యజీవం కావాలంటే ఏం చేయాలని ఒక ధనవంతుడు పరుగెత్తుకొచ్చి ఆయన ముందు మోకరిస్తాడు. యేసు అతణ్ణి చూసి ప్రేమించాడని మార్కు రాశాడు. ఆస్తి అమ్మి బీదలకిచ్చి తన వెంట రమ్మంటాడు. అతను మొహం వేలాడేసుకుని వెళ్లిపోతాడు. యేసు వెనక పడడు, మాట తగ్గించి బేరమాడడు, శపించడు. ఆ మనిషిని ప్రేమించిన చూపే అతణ్ణి వెళ్లనిచ్చింది. యోహాను సువార్తలో మరో చోట, బోధ కఠినంగా ఉందని చాలామంది శిష్యులు వెనక్కి తిరిగిపోతే, మిగిలిన పన్నెండుమందినీ మీరు కూడా వెళ్తారా అని అడుగుతాడు. తలుపు తీసి చూపించి అడిగాడు. ఉండిపోయినవాళ్లు ఇష్టపడి ఉండిపోయారు. మా ప్రభువు అంతటి స్వేచ్ఛ ఇచ్చినచోట ఆయన పేరు చెప్పుకునే మనకు పట్టుబట్టే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది?

సాక్ష్యంలో నిజం చెప్పడం కూడా ఆ స్వేచ్ఛలో భాగమే. మన సాక్ష్యాల్లో ఎక్కువగా గెలుపులే ఉంటాయి. వీసా వచ్చింది, గర్భం నిలిచింది, గడ్డ కరిగింది, ఇంటి లోను మంజూరైంది. అవన్నీ నిజంగా కృతజ్ఞత చెప్పుకోవలసిన మేళ్లే. కానీ అదే వరసలో కూర్చున్న మరొకామె ప్రార్థన చేసీ చేసీ బిడ్డను పోగొట్టుకుని ఉంటుంది. ఆమెను మైకు దగ్గరికి పిలిచేవాళ్లు తక్కువ. గెలుపులు మాత్రమే విన్న కొత్త మనిషి, ఈ దేవుణ్ణి నమ్మితే పనులవుతాయన్నమాట అనుకుని వస్తాడు. పని కానినాడు మోసపోయానంటాడు. జరగనివి, అర్థం కానివి కూడా కలిపి చెబితే, అతను తెలిసి ఎంచుకుంటాడు. బిడ్డను పోగొట్టుకుని కూడా వచ్చే ఆదివారం పాటల పుస్తకం తీసుకుని వచ్చి కూర్చున్న ఆ తల్లి కన్నా బలమైన సాక్ష్యం నేను వినలేదు. ఆమె ఒక్క ముక్క మాట్లాడలేదు.

మా ఎదురింటి పిన్నిగారి సంగతి చెప్పాలి. నిష్ఠగల మనిషి. తెల్లవారకముందే వాకిట్లో ముగ్గు పడుతుంది, కార్తీక మాసమంతా దీపాలు వెలుగుతాయి. నేను ప్రసాదం తీసుకోనని ఆవిడకు తెలుసు. ఎందుకు తీసుకోవని ఒక్కసారైనా నిలదీయలేదు. పండగనాడు పులిహోర కలిపాక, దేవుడి ముందు నైవేద్యం పెట్టకముందే ఒక స్టీలు గిన్నెలో నా వాటా తీసి, మూతపెట్టి పక్కన ఉంచుతుంది. "ఇది ముందే తీశానమ్మా, నువ్వు తినొచ్చు" అని తనే తెచ్చిస్తుంది. నా విశ్వాసాన్ని అంత మర్యాదగా చూసిన మనిషికి, ఆవిడ విశ్వాసాన్ని తక్కువ చేసే మాట నేనెలా అనగలను?

బాబాయిగారికి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైనప్పుడు వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చేది. కొడుకు దూరదేశంలో ఉన్నాడు. వీలైనప్పుడల్లా నేను తోడు వెళ్లాను. గాజు తలుపు బయట ఇనప కుర్చీల్లో నాలుగేసి గంటలు కూర్చునేవాళ్లం. ఆ కుర్చీల్లో మేం పచ్చళ్ల గురించి, ఆడపడుచుల గురించి, పాత సినిమాల గురించి మాట్లాడుకున్నాం. దేవుడి మాట నేను ఎత్తలేదు. ఒకనాడు బాబాయిగారికి బీపీ బాగా పడిపోయి లోపల హడావిడి అయింది. కాస్త కుదుటపడ్డాక పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఇలాంటప్పుడు మీ దేవుడు ఏం చెబుతాడమ్మా?"

"ఇదంతా ఎందుకు జరుగుతోందో నాకూ తెలియదు పిన్నిగారూ. మా నాన్న పోయిన ఏడాది నేనూ అదే అడిగాను, జవాబు రాలేదు. కానీ ఆ ఏడాదంతా ఒక్కదాన్నే ఉన్నాననిపించలేదు. ఆయన నా పక్కనే ఉన్నాడు. నాకు తెలిసింది అంతే."

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. నేను మెల్లగా అడిగాను.

"బాబాయిగారి కోసం ప్రార్థన చేసుకోనా? మీకు ఇష్టం లేకపోతే వద్దు."

"చెయ్యమ్మా. నేనూ మా స్వామిని తలుచుకుంటా."

కళ్లు మూసుకుని రెండు మాటల్లో ముగించాను. పక్కన ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు బాబాయిగారు పోయారు. పిన్నిగారు క్రైస్తవురాలు కాలేదు. ముగ్గు పడుతూనే ఉంది, దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. మా స్నేహంలో ఏమీ తగ్గలేదు. యేసును గురించి ఆవిడకు చెప్పాలనే కోరిక నాకు ఇప్పటికీ ఉంది, రోజూ ఆవిడ పేరు ప్రార్థనలో ఎత్తుతాను. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఏదో ఒక రోజు మళ్లీ అడిగితే మళ్లీ చెబుతాను. అడగకపోయినా డయాలసిస్ గది బయట ఆ కుర్చీల్లో కూర్చున్న గంటలు వృథా అయ్యాయని నేననుకోను. ఆవిడను మార్చడానికి కూర్చుని ఉంటే ఆ గంటలు అబద్ధమైపోయేవి.

మాట వెనక జీవితం ఉండాలన్న సంగతి దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యకు బాగా తెలుసు. తమిళ దేశం నుంచి తెలుగు పల్లెలకు వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల చేతులు వాళ్ల తల మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే పౌలు మాటను తమ మాటగా పలికించేవాడు. అక్షరం రాని పాలేరైనా, కూలి తల్లైనా చెప్పవలసినవాళ్లే. చెప్పడం గురించి అంత పట్టుదల ఉన్న ఆ బిషపే, జీవితం మారకుండా చెప్పే మాటకు విలువ లేదని కూడా గట్టిగా పట్టుకున్నాడు. తాగుడు మానడం, శుభ్రం, చదువు లాంటివి ఆయనకు ఆరాధనంత ముఖ్యం. దోర్నకల్ పల్లెల్లో ఆ తర్వాత అగ్రకులాల రైతులు కొందరు సంఘంలోకి వచ్చారంటే, తమ పొలాల్లో పనిచేసే మాల మాదిగల ఇళ్లలో వచ్చిన మార్పు కళ్లారా చూసి వచ్చారు. బలవంతం చేసే శక్తి ఆ కూలీలకు ఎక్కడిది? ఎదుటివాడి పొలంలో వంగి నాటు వేసేవాళ్లు వాళ్లు. వాళ్ల జీవితాన్ని చూసి నమ్మాలో వద్దో తేల్చుకునే స్వేచ్ఛ పూర్తిగా చూసేవాడిదే.

మన రాజ్యాంగం 25వ అధికరణంలో మతాన్ని అవలంబించడంతో పాటు ప్రచారం చేసుకునే హక్కును కూడా చేర్చింది. దాని మీద రాజ్యాంగ సభలో గట్టి చర్చే జరిగింది. తర్వాత 1977లో సుప్రీంకోర్టు ఆ హక్కు అంటే తన మతం బోధించేదాన్ని వివరించి చెప్పే హక్కని, ఎదుటి మనిషిని మతం మార్చే హక్కు అందులో లేదని తీర్పిచ్చింది. ఆ తీర్పు మీద న్యాయ పండితుల వాదోపవాదాలు ఎన్నైనా ఉండనీయండి. విశ్వాసిగా నాకు మాత్రం ఒకటి స్పష్టం. మనసు తిప్పడం నా చేతిలో లేదు. అది దేవుడికీ ఆ మనిషికీ మధ్య జరగాల్సింది. చెప్పడం వరకే నా వంతు.

అయితే ఆ స్వేచ్ఛ రెండు వైపులా ఉండాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులంలో పుట్టినవాడు క్రైస్తవుణ్ణని చెప్పుకున్న రోజున ఆ హోదా పోతుంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ ఉత్తర్వులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు నేల మీద అలాంటివాళ్లకు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషను ఉంది. కానీ మతం మారినంత మాత్రాన ఊరు వాళ్లను పిలిచే పిలుపు మారలేదు, పేట మారలేదు. అందుకే ఆదివారం చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, బడిలో పిల్లాడి మతం గడి నింపేటప్పుడు పెన్ను ఆపేసే తల్లిదండ్రులు ఎంతోమంది ఉన్నారు. వాళ్లను పిరికివాళ్లనే మాట నా నోట రాదు. అన్నం పెట్టి నమ్మించకూడదని క్లౌ కరువులో తలుపు మూశాడు. నమ్మినందుకు నోటి దగ్గర అన్నం లాగేసుకోకూడదని అడగడం కూడా అదే న్యాయం. ఒకరి నమ్మకానికి ధర కట్టే చెయ్యి మిషనుదైనా, సర్కారుదైనా తప్పు తప్పే.

వినేవాడికి స్వేచ్ఛ ఉంచి చెప్పడంలో మన తెలుగు క్రైస్తవ కవులు మనకన్నా ముందున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్మాడు. నమ్మినదాన్ని మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలుగా కట్టాడు. నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచిన సంఘం ఆయన పాట పాడకుండా మూయదు. గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ పద్యాలు చదవడానికి క్రైస్తవుడై ఉండనక్కర్లేదు, చదివాక కానక్కర్లేదు. పద్యం నచ్చి ఊరుకున్నవాడు ఊరుకోవచ్చు, పద్యంలోని మనిషి నచ్చి ఆగినవాడు ఆగొచ్చు. మంచి పాట ఎవరి చెయ్యీ పట్టి లాగదు. అందుకే దానికి అన్ని గుమ్మాల్లోకీ ప్రవేశం దొరుకుతుంది.

తోటి విశ్వాసులతో నేను చెప్పుకునేది ఇదే. మాట్లాడటం మానొద్దు. భయంతోనో మొహమాటంతోనో పెదవి కుట్టుకుంటే మనం ప్రేమించే మనుషుల దగ్గర మనకున్న అతి విలువైనదాన్ని దాచిపెట్టినట్టే. పక్కింటివాళ్లు తమ నోముల గురించి, మొక్కుల గురించి చెప్పినప్పుడు మనసుపెట్టి విందాం. వాళ్ల దేవుళ్లను కించపరిచే ఒక్క మాట కూడా మన నోట్లోంచి, మన మైకుల్లోంచి రానివ్వొద్దు. మన వంతు వచ్చినప్పుడు సూటిగా, సిగ్గుపడకుండా, ఉన్నది ఉన్నట్టు చెబుదాం. రోగి మంచం పక్కన ప్రార్థన చేసే ముందు అడుగుదాం, వద్దంటే ఆ మంచం పక్కనే కూర్చుని కమలాపండు వలిచి పెడదాం. చేసిన సాయానికి లెక్క రాసుకోవద్దు. మాట కాదన్నవాళ్ల ఇంటికి మర్నాడు కూడా వెళదాం.

ఎందుకంటే నేను నమ్మిన దేవుడు మనిషి తలుపు బద్దలుకొట్టుకుని వచ్చేవాడు కాదు. ఆయన గురించి చెప్పే పద్ధతిలోనే బలవంతం ఉంటే, చెప్పిన ప్రతి వాక్యం సరైనదే అయినా ఆయన గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది. విన్న మనిషి ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, "ఈమె దేవుడు నన్ను గౌరవించే దేవుడు" అనుకుని లేచి వెళితే, నేను చెప్పవలసింది చెప్పినట్టే.